కొండ మీద తోటకి జిమ్నీ తీసుకుంటే 105 గుర్రాలు చాలతాయా?

మిరియాలతోట:

అందరికీ నమస్కారం. మాది చింతపల్లి పక్క పల్లె, ఉద్యోగం గాజువాకలో. నాన్నకి కొండ మీద కాఫీ తోట ఉంది, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు కూడా పాకించాం. తారు రోడ్డు ఊళ్లోనే అయిపోతుంది. అక్కడి నుంచి తోట దాకా మూడు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట. మధ్యలో ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, అది దాటగానే రాళ్లతో నిట్టనిలువు ఎక్కుడు. ఎండాకాలంలో నా చిన్న కారు గెడ్డ దాకా వస్తుంది. వానలు మొదలైతే కారు ఊళ్లో పెట్టి నడిచిపోవడమే. బస్తాలు దింపడానికి పక్కింటి వాళ్ల గుర్రాన్ని అద్దెకి తీసుకుంటాం.

ఇప్పుడు నాన్నకి మోకాళ్ల నొప్పులు. నడవలేరు, తోటకి వెళ్లకుండా ఉండలేరు. అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఒక 2023 మారుతి జిమ్నీ చూశాను, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే చిన్న జీపు, గేర్లు మాన్యువల్. నచ్చింది. కానీ మా బావ దగ్గర డీజిల్ మహీంద్రా థార్ ఉంది. "134 ఎన్ఎమ్ టార్కా? నా బండికి 300. గెడ్డ దాటాక ఆ ఎక్కుడు దగ్గర నీది ఏడుస్తుంది చూడు" అంటున్నాడు. టార్కంటే ఇంజిన్ తిప్పే బలం, ఎన్ఎమ్‌లలో కొలుస్తారు. కాగితం మీద చూస్తే బావ మాటే నిజంలా ఉంది. ఒకటిన్నర లీటర్ల పెట్రోల్ ఇంజిన్, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో లేదు, 105 పీఎస్, అంటే గుర్రాలు.

నలుగురు మనుషులు, ఒకటో రెండో బస్తాలు వేసుకుని వానాకాలంలో ఆ ఎక్కుడు ఎక్కుతుందా? వారానికోసారి గాజువాక నుంచి వెళ్లి రావాలి, లంబసింగి ఘాట్ కూడా దారిలోనే. థార్ నా బడ్జెట్‌లో లేదు, దయచేసి ఆ సలహా ఇవ్వకండి.

కూకట్‌పల్లి జిమ్నీ:

అన్నా, నాది ఆటోమేటిక్. నాలుగే గేర్లు. కొండలు, రాళ్లు, బురద ఎక్కడా నాకు పవర్ చాలలేదు అనిపించలేదు. అనిపించిందల్లా హైవే మీదే. నాగ్‌పూర్ రోడ్డులో వందలో పోతూ లారీని దాటాలంటే ముందు నుంచే ప్లాన్ చేసుకోవాలి. కాలు గట్టిగా నొక్కితే ముందు అరుస్తుంది, తర్వాత కదులుతుంది. లద్దాఖ్ కూడా తీసుకుపోయిన. ఖార్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు, అక్కడ గాలి కిందున్న దాంట్లో సగమే. ఇంజిన్ కూడా సగమే ఉన్నట్టు ఉంటుంది. అయినా ఎక్కింది. మెల్లగా ఎక్కింది, అంతే.

జిప్సీ మాష్టారు:

బాబూ, మీ బావగారు చెప్పిన అంకెలు రెండూ నిజమే. కాకపోతే ఆయన ఇంజిన్ దగ్గర కొలిచారు. రాయి ఎక్కాల్సింది చక్రం కాబట్టి, చక్రం దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగులుతుందో చూద్దాం. నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, కాసేపు ఓపిక పట్టండి.

జిమ్నీ మాన్యువల్‌లో మొదటి గేరు 4.425. పక్కనున్న చిన్న లివర్‌ని 4ఎల్‌లో, అంటే నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చే లో రేంజ్‌లో, వేస్తే దాని మీద ఇంకో రెండు రెట్లు, కచ్చితంగా 2.002. యాక్సిల్ దగ్గర 4.09. మూడూ గుణిస్తే 36 వస్తుంది. అంటే ఇంజిన్ 36 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది, బలం అన్ని రెట్లు పెరుగుతుంది. 134ని 36తో గుణించండి, 4,800 పైన. గేర్ల రాపిడికి ఓ పదిహేను శాతం తీసేయండి. టైరు మధ్య నుంచి నేలకి 34 సెంటీమీటర్లు. ఆ లెక్కన నేల మీద తోసే బలం 1,200 కిలోల చుట్టూ తేలుతుంది. ఖాళీ జిమ్నీ బరువు కూడా ఇంచుమించు అంతే!

134 అనేది 4,000 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి అన్నిసార్లు తిరగడం) దగ్గర వచ్చే టార్కు, రాళ్ల మీద ఎవరూ అంత తిప్పరు. సరే, పావు వంతు తగ్గించండి. 900 కిలోలు. బండి పూర్తి లోడుతో 1,545 కిలోలు అనుకున్నా, 30 డిగ్రీల వాలు ఎక్కడానికి కావాల్సింది బరువులో సగం, అంటే 770 పై చిల్లర. 30 డిగ్రీలంటే మాటలు కాదు, మనిషి చేతులు ఆనించి ఎక్కే వాలు. మీ ఎక్కుడు అంత ఉండదు.

అసలు సంగతి ఏమిటంటే, తడిసిన ఎర్రమట్టి మీద టైరుకి దొరికే పట్టు చాలా తక్కువ. ఇంజిన్ చేతులెత్తేసే లోపే టైరు జారిపోతుంది. అక్కడ ఎక్కువ టార్కు ఉంటే ఎక్కువ గొయ్యి తవ్వుకుంటుంది, అంతకు మించి లాభం లేదు. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే థార్ 4x4కీ లో రేంజ్ ఉంది, లెక్క వేస్తే చక్రం దగ్గర ఇంకా ఎక్కువే వస్తుంది, కాదనను. కానీ అది జిమ్నీ కన్నా బాగా బరువైన బండి, ఆ బరువునీ మోసుకుని ఎక్కాలి. ఇంకో మాట. థార్‌లోనే 1.5 డీజిల్ రకం ఒకటి ఉంది, దానికీ 300 ఎన్ఎమ్. కానీ వెనక చక్రాలకే పవర్, 4ఎల్ లేదు. మీ బాటకి వానలో ఆ 300 కన్నా జిమ్నీ 134నే నేను నమ్ముతాను. మీ బావగారిది ఏ రకమో అడిగి చూడండి, సరదాగా.

నా సంగతి చెబుతాను. జి.మాడుగుల వైపు బడిలో పనిచేసేటప్పుడు మిలటరీ వేలంలో వచ్చిన మారుతి జిప్సీ జీపు కొన్నాను. 1.3 లీటర్లు, 80 హార్స్‌పవర్. 1985లో మొదట వచ్చిన జిప్సీకైతే వెయ్యి సీసీ కూడా లేదు, 970. దాంట్లో 45 గుర్రాలు! ఇంకా వెనక్కి పోతే, రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకి 60. సంత రోజుల్లో లోపల, పైన, వెనక వేలాడుతూ జనాన్ని మోసే కమాండర్ జీపులు మీకు తెలియనివి కావు. వాటి పవర్ ఎంతని ఎవరైనా అడిగారా?

కొన్న మొదటి నెలలోనే క్లచ్ కాల్చేశాను. నలుగురు టీచర్లం, బురద ఎక్కుడు. 4హెచ్‌లో (నాలుగు చక్రాలకీ పవర్, కానీ మామూలు గేర్లే) ఉంచి, సగం క్లచ్ నొక్కి పట్టుకుని, యాక్సిలరేటర్ తొక్కుతూ పోయాను. సగం కొండకి కాలిన వాసన. లెక్కల మాష్టారుకి తెలుగు మాష్టారు చెప్పాడు, "ఏమండీ, ఆ చిన్న లివర్ దేనికి పెట్టారంటారు?" అని. బండిది తప్పు కాదు, నాకు వాడకం రాలేదు.

అందుకే మీకు చెప్పేది: గెడ్డకి ఇవతలే ఆపండి. 4ఎల్ వేయండి, బండి నిలబడి ఉన్నప్పుడే అది పడుతుంది. రాళ్ల మీద మొదటి గేరు. బురదలో మాత్రం రెండో గేరు. లో రేంజ్‌లో రెండో గేరు దాదాపు మామూలు మొదటి గేరంతే ఉంటుంది, చక్రం ఊరికే గిర్రున తిరగదు. ఎక్కుడు మధ్యలో క్లచ్ జోలికి పోకండి. ఒక చక్రం గాల్లో తిరుగుతుంటే భయపడి కాలు తీసేయకండి, కొంచెం తొక్కి ఉంచితే బండే ఆ చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి బలం పంపుతుంది. తారు రోడ్డు ఎక్కగానే 2హెచ్‌కి, అంటే వెనక రెండు చక్రాలకే పవర్ వెళ్లేదానికి, వచ్చేయండి. గెడ్డలో నీళ్లు మోకాలి పైకి పారుతుంటే ఆ రోజుకి తోట మానేయండి. అక్కడ ఏ ఇంజినూ కాపాడదు.

ఇంజిన్ మీద పెట్టే బెంగ టైర్ల మీద పెట్టండి. కంపెనీతో వచ్చేవి రోడ్డు టైర్లు, ఎర్రమట్టి గాడుల్లో నిండిందంటే సున్నుండలా నున్నగా అయిపోతాయి. ఏటీ (ఆల్ టెర్రెయిన్, రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే) టైర్లు వేయించండి. అందం కోసం మరీ పెద్దవి వద్దు. కంపెనీ ఇచ్చే 195/80 సైజు తీసి 235/75 వేస్తే చుట్టుకొలత ఆరు శాతం దాకా పెరుగుతుంది, అంత మేరా ఇందాక మనం కట్టిన లెక్కలో తరుగు. చిన్న ఇంజిన్‌కి అది తెలుస్తుంది. బాట మొదట్లో గాలి కొంత తగ్గించి, తిరిగి రోడ్డెక్కేటప్పుడు నింపుకోవడానికి ఓ చిన్న పంపు ఉంచుకోండి.

డీజిల్ బాబాయ్:

మాష్టారూ, లెక్క బావుంది. కానీ పరీక్ష హాల్లో బావుంటుంది. థార్ 2.2 డీజిల్‌కి 1,600 ఆర్పీఎం దగ్గరే మొత్తం 300 చేతికొస్తుంది. కొత్తవాడు క్లచ్ తప్పుగా వదిలినా అది ఆగదు, కింది నుంచి లాక్కుపోతుంది. పెట్రోల్ అలా కాదు, ఆర్పీఎం పడిపోతే టప్పుమని ఆగుతుంది. రాయి మీద సగం ఎక్కి, పక్కన నాన్న కూర్చుని ఉండగా బండి ఆగితే ఆ టెన్షన్ వేరు. లంబసింగి ఘాట్ సంగతీ చెప్పలేదు మీరు.

జిప్సీ మాష్టారు:

ఒప్పుకుంటున్నాను బాబాయ్. ఆగిపోవడం గురించి మీరన్నది అక్షరాలా నిజం, డీజిల్ మన్నిస్తుంది. పెట్రోల్ బండితో రెండు మూడు ఆదివారాలు ఖాళీగా సాధన చేయాలి.

ఘాట్ సంగతి కావాలనే వెనక్కి పెట్టాను, ఎందుకంటే పవర్ లోటు తెలిసేది అక్కడే. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. టర్బో లేని ఇంజిన్‌కి ఆ ఎత్తులో పదో వంతు బలం పోతుంది. 105 కాస్తా 95. నలుగురితో, ముందు బస్సు పాకుతూ ఉంటే రెండో గేరు, మూడో గేరు మధ్య కాలు, చెయ్యి ఖాళీ ఉండవు. మలుపులో దాటాలనే ఆశ వదులుకోవాలి. అనకాపల్లి దాకా హైవే మీద వందలో పోతే ఐదో గేరులో కూడా ఇంజిన్ మూడు వేల పైనే తిరుగుతుంది, ఆ మోత వినాలి. బాట మూడు కిలోమీటర్లే, రోడ్డు మాత్రం వంద దాటుతుంది. కాబట్టి టెస్ట్ డ్రైవ్ ఘాట్‌లో చేయండి, నలుగురినీ ఎక్కించుకుని. షోరూమ్ చుట్టూ ఒక్కడే తిరిగితే ఏ బండైనా బాణమే.

ఇంకో సంగతి, బస్తాలు. 1,545లోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మనుషులకీ సామానుకీ కలిపి 350 కిలోల లోపే. నలుగురు పెద్దవాళ్లు 280 అయిపోయారు. మిగిలేది ఒక్క బస్తా. వెనక సీటు వేసి ఉంచితే డిక్కీ 208 లీటర్లు, ఆ బస్తా పట్టడం కూడా కష్టమే. మీకు ఇంజిన్ కన్నా ఇదే అడ్డొస్తుందేమో చూసుకోండి.

మిరియాలతోట:

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మాష్టారు చెప్పినట్టే నలుగురం వెళ్లాం. నేను, బావ, నా ఫ్రెండ్ ఒకడు. నాలుగోవాడు బండి అమ్మే ఆయనే, నమ్మకం లేక వెంట వచ్చాడు. లెక్క సరిపోయింది.

ఘాట్‌లో మాష్టారు అన్నది అన్నట్టే. రెండో గేరులో పీకితే ఎక్కుతుంది, మూడో గేరు వేస్తే నీరసపడుతుంది. ఒక లారీ వెనకాల చాలాసేపు దుమ్ము తిన్నాం. బావ ఆ పావుగంటా నవ్వుతూనే ఉన్నాడు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం మనసు చివుక్కుమంది. కానీ ఇప్పుడున్న నా కారుతో పోలిస్తే తక్కువేం లేదు, అలవాటే కదా.

ముందు రాత్రి వాన పడింది. గెడ్డలో నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి, నేను దిగి నడిచి చూశాను. మొదటిసారి మాష్టారు మాట మర్చిపోయి 4హెచ్‌లో పోయాను. పెద్ద రాయి దగ్గర టప్పుమంది. డీజిల్ బాబాయ్ గుర్తొచ్చారు. వెనక్కి దింపి, కింద ఆపి, 4ఎల్ వేసి, మొదటి గేరులో వచ్చాను. ఏం చెప్పను, యాక్సిలరేటర్ మీద కాలు ఆనించానో లేదో కూడా తెలియలేదు. నడిచే మనిషి వేగంతో ఒక్కో రాయీ ఎక్కి పైకొచ్చింది. పైన మెత్తటి బురద దగ్గర వెనక చక్రం ఒకటి తిరిగింది. కాలు తీయకుండా ఉంచితే టకటకమని చప్పుడు చేసి బయటపడింది. అమ్మే ఆయన కూడా తన బండి ఇది చేస్తుందని అనుకోలేదట, ఇన్నాళ్లూ ఆ లివర్ ముట్టుకోలేదన్నాడు.

బావ పైకొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బండి తేలిక కదా, అందుకే ఎక్కింది" అన్నాడు. అదేదో తప్పు చేసినట్టు. బావది 2.2, 4x4 అట, అడిగాను మాష్టారూ.

అడ్వాన్స్ ఇచ్చేశాను. ఏటీ టైర్లకి 215/75 అనుకుంటున్నాను, పర్లేదా?

జిప్సీ మాష్టారు:

215/75 నిశ్చింతగా వేయించండి, పాత టైరు కన్నా ఒక సెంటీమీటరే పెద్దది, తేడా తెలియదు. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, వెనక కుదుపు ఎక్కువ. బస్తాల సంగతి ఏం చేశారు?

మిరియాలతోట:

పక్కింటి గుర్రం ఉందిగా మాష్టారూ. మొత్తం 106.