మారుమూల దారుల్లో ఫోర్ బై ఫోర్ ప్రయాణం: ఒక స్టెప్నీ సరిపోతుందా, రెండు కావాలా?

ప్రశ్న

నమస్కారమండీ. మేమిద్దరం ఒకే ఫోర్ బై ఫోర్ బండిలో తొమ్మిది రోజుల ప్రయాణానికి సిద్ధమవుతున్నాం. మొత్తం దూరం సుమారు 1,400 కిలోమీటర్లు. అందులో 600 కిలోమీటర్ల మేర రాళ్ల దారి, ఇసుక, ఎండిన వాగులు తప్ప ఊరూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. బండికి 265/65 ఆర్17 కొలత టైర్లు ఉన్నాయి. వెనుక, బండి అడుగున అదే కొలత స్టెప్నీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. రెండోది తప్పకుండా ఉండాలని కొందరు, అది అనవసరమైన బరువని మరికొందరు చెబుతున్నారు. తీసుకువెళ్లేటట్లయితే రిమ్‌తో సహా తీసుకువెళ్లాలా, ఉత్త టైరు చాలా? దాన్ని బండి పైన కట్టుకోవచ్చా? అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1

ఎన్ని స్టెప్నీలు కావాలో తేల్చుకునే ముందు, టైరు ఎలా పాడవుతుందో రెండు రకాలుగా విడదీసి చూడండి. నేలకు ఆనే భాగంలో మేకో, పదునైన రాయో దిగితే అది మామూలు పంక్చరు. పంక్చరు కిట్టులోని జిగురు పట్టీని ఆ రంధ్రంలోకి గుచ్చి, కంప్రెసరుతో గాలి నింపుకుంటే చాలాసార్లు చక్రం విప్పవలసిన అవసరం కూడా రాదు. టైరు పక్కగోడ, అంటే నేలకు ఆనని పక్క భాగం, కోసుకుపోతే మాత్రం ఆ ప్రయాణానికి ఆ టైరు పని అయిపోయినట్లే. చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ వంగి లేస్తుంటుంది కాబట్టి అక్కడ గుచ్చిన పట్టీ నిలవదు. అంటే ఊరికి దూరంగా ఉన్నప్పుడు ఎన్ని పక్కగోడలు తెగినా తట్టుకోగలం అన్నదే మీ అసలు ప్రశ్న.

ఒంటరి బండికి నా సలహా ఇది: రిమ్‌తో ఒక స్టెప్నీ, రిమ్ లేకుండా ఒక ఉత్త టైరు, దాన్ని ఎక్కించుకోవడానికి కావలసిన పనిముట్లు. మీ కొలతలో రిమ్‌తో కలిపితే బరువు 30 కిలోలు దాటుతుంది, ఉత్త టైరైతే అందులో సగానికి కాస్త ఎక్కువ ఉంటుంది. తొమ్మిది రోజులకు సరిపడా నీళ్లు, డీజిలు మోసే బండికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

అయితే ఉత్త టైరు మోసుకువెళ్లడం వేరు, దాన్ని దారి మధ్యలో ఎక్కించడం వేరు. అన్నిటికంటే కష్టమైన పని రిమ్ అంచుకు బిగిసిపోయిన బీడును, అంటే టైరు లోపలి గట్టి అంచును, విడగొట్టడం. విప్పిన చక్రాన్ని బండి ఛాసిస్ కింద పడుకోబెట్టి, బాటిల్ జాకీని రిమ్‌కు ఆనుకుని పక్కగోడ మీద నిలబెట్టి లేపితే, బండి బరువుకు బీడు కిందికి జారుతుంది. ఈ పని చేసేటప్పుడు బండిని నిలబెట్టడానికి మరో ఆధారం తప్పకుండా ఉండాలి. ఆ తరువాత లీవర్లు పెట్టేటప్పుడు, ఎదురుగా ఉన్న బీడును మోకాలితో నొక్కి రిమ్ మధ్యనున్న గాడిలోకి దించాలి. అది గాడిలోకి దిగకపోతే ఎంత బలం పెట్టినా లీవరు వంగుతుందే గాని టైరు రాదు. కొత్త టైరు ఎక్కించే ముందు అంచులకు సబ్బునీళ్లు దండిగా రాయండి. గాలి వేగంగా లోపలికి పోవడానికి వాల్వు లోపలి పిన్ను తీసేసి నింపండి. బీడు ఒకవైపు, ఆ వెంటనే రెండోవైపు టప్పుమని కూర్చుంటుంది. గాలి ఒత్తిడి 40 పీఎస్‌ఐ వచ్చినా కూర్చోకపోతే ఇంకా ఎక్కించకండి, గాలి తీసేసి మళ్లీ సబ్బునీళ్లు రాసి మొదలుపెట్టండి. ఇదంతా ఇంటి ముందు ఒక్కసారైనా చేసి చూడకుండా బయలుదేరవద్దని బతిమాలుతున్నాను.

జవాబు 2

పైన కట్టడం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. బండి పైకప్పు ఎంత బరువు మోయగలదో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఆ అంకెలో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుందని చాలామంది మరచిపోతారు. అంతకంటే ముఖ్యంగా, ఎత్తున పెట్టిన ప్రతి కిలో వాలు దారిలో బండిని పక్కకు లాగుతుంది. అలసిపోయి ఉన్నప్పుడు రిమ్‌తో ఉన్న చక్రాన్ని తల మీదుగా దించడం కూడా ప్రమాదమే. రిమ్ లేని టైరును వెనుక సీటు ఆనుకుని, వీలైనంత కిందుగా, కదలకుండా పట్టీలతో కట్టండి. దాని మధ్య ఖాళీలో తాళ్లు, బట్టల సంచి ఇమిడిపోతాయి. వెనుక తలుపుకు అదనపు బరువు తగిలించే ఆలోచన ఉంటే మానుకోండి, గతుకుల దారి కొట్టుడుకు కీళ్ల దగ్గర రేకు పగులుతుంది.

అడుగున వేలాడే స్టెప్నీ విషయంలో నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. దాన్ని దించే తీగ, పెట్టె బురదతో, తుప్పుతో బిగిసిపోయి, హ్యాండిల్ తిప్పితే తిరుగుతోంది గాని టైరు అంగుళం దిగలేదు. పంక్చరైన చక్రం పక్కనే ఉండగా, బండి కింద పడుకుని గంటన్నర సేపు తీగను రంపంతో కోశాను. బయలుదేరే వారం ముందు దాన్ని పూర్తిగా దించి, కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించండి.

జవాబు 3

మొదటి జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ఒక్కచోట నా అభిప్రాయం వేరు. టైర్లు ఒకదాని తరువాత ఒకటి తీరికగా పోతాయని మనం అనుకుంటాం. కాని ఒకసారి నేను వాగు గట్టు దిగుతున్నప్పుడు పలకలాంటి రాయి అంచు ముందు ఎడమ టైరును కోసింది, నేను బ్రేకు మీద కాలు వేసేలోపే అదే అంచు వెనుక ఎడమ టైరునూ కోసింది. ఒకటి వెంటనే మార్చాను. రెండోదాన్ని రిమ్ మీదికి ఎక్కించేసరికి మూడు గంటల ఎండ నెత్తిన పడింది. అందుకే తోడు బండి లేకుండా, బరువుతో, పదునైన రాళ్ల మీదుగా వెళ్లేవారు రెండింటినీ రిమ్‌లతోనే తీసుకువెళ్లడం మేలని నా నమ్మకం. వెంట రెండో బండి ఉండి, రెండింటికీ టైరు కొలత, బోల్టుల అమరిక, రిమ్ మధ్య రంధ్రం సరిపోతే మాత్రం ఒక్కొక్కటి చాలు.

ఆ రోజు అసలు తప్పు నాదే. తారు రోడ్డు మీది 36 పీఎస్‌ఐతోనే రాళ్లలోకి దిగాను. గాలి నిండుగా బిగిసిన టైరు రాయిని ఢీకొంటుంది, కాస్త వదులైన టైరు రాయి చుట్టూ ఒదుగుతుంది. ఇప్పుడు నేను కంకర దారిలో 26 నుంచి 28, మెత్తటి ఇసుకలో 16 నుంచి 18 పీఎస్‌ఐ ఉంచుతున్నాను. గాలి తగ్గించినప్పుడు వేగమూ తగ్గించాలి, లేకపోతే వంగి లేచే పక్కగోడ లోలోపల వేడెక్కి విచ్చుకుపోతుంది. బరువులు మోసే ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైర్లకు నేను పాటించే లెక్క సులువైనది: చల్లగా ఉన్నప్పుడు కొలిచి, గంట నడిపాక మళ్లీ కొలుస్తాను. పెరుగుదల సుమారు 6 పీఎస్‌ఐ ఉంటే సరిగ్గా ఉన్నట్లు. అంతకు బాగా మించితే మొదట పెట్టిన గాలి తక్కువైనా అయి ఉండాలి, వేగమో బరువో ఎక్కువైనా అయి ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న స్టెప్నీని కిందికి దించాను. తీగ బాగానే ఉంది గాని గాలి 19 పీఎస్‌ఐ మాత్రమే ఉంది. పక్కగోడ మీది చివరి నాలుగు అంకెలు 3114, అంటే 2014లో 31వ వారంలో తయారైంది. ఒక్కసారి కూడా నేల తాకని ఆ టైరు అంచుల వెంట సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి. దాన్ని తీసేసి అదే కొలతలో కొత్తది వేయిస్తున్నాను, రెండోదాన్ని ఇనుప రిమ్ మీద ఎక్కించి తీసుకువెళ్లాలని నిర్ణయించుకున్నాను. బండికి బిగించిన నాలుగూ అల్లాయ్ రిమ్‌లే.

జవాబు 1

మంచి పని చేశారు. ఇనుప రిమ్ అన్నారు కాబట్టి ఒక్క మాట. కొన్ని అల్లాయ్ రిమ్‌లకు వాడే నట్ల కింద చదునైన వాషరు ఉంటుంది, ఇనుప రిమ్‌కు ఏటవాలు అంచున్న నట్లు కావాలి. మీవి ఆ రకమైతే ఏటవాలు నట్లు ఒక సెట్టు, నట్లకు తాళం ఉంటే దాని చెవి, జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క ఒకే సంచిలో పెట్టుకోండి. చక్రం మార్చిన తరువాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు బండి ఆపి నట్లు మళ్లీ ఒకసారి బిగించండి.