బకుచియోల్ క్రీమ్ ముడతలకు నిజంగా పనిచేస్తుందా, పేరు గొప్పేనా?

గోదారిగట్టు:
వయసు 42. కళ్ల పక్కన ముడతలు మొదలయ్యాయి. ముడతలకు వాడే రెటినాల్ (విటమిన్ ఎ రకం) రోజూ రాస్తే పొట్టు లేచి ఒకటే మంట. ఇప్పుడు షాపులో "మొక్కల రెటినాల్" అంటూ బకుచియోల్ క్రీమ్ అంటగడుతున్నారు. బావంచాల గింజల నుంచి తీస్తారట. చిన్న సీసా వెయ్యికి పైనే. కొనొచ్చా, డబ్బులు దండగా?

పసుపుకొమ్ము:
కొనండి. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో 2019లో వచ్చిన పరీక్ష ఉంది. 44 మంది, 12 వారాలు. కొందరికి 0.5 శాతం బకుచియోల్ రోజుకు రెండు పూటలా, మిగతావాళ్లకు 0.5 శాతం రెటినాల్ ఒక పూట. ముడతలు, మచ్చలు రెండు వైపులా తగ్గాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు. పొట్టు రాలడం, చురచుర మాత్రం రెటినాల్ వాళ్లకే ఎక్కువ. మూలికలంటే ఎగతాళి చేసేవాళ్లు ఇది చదివి మాట్లాడాలి.

అనుమానప్పక్షి:
చదివే మాట్లాడుతున్నానండీ. 44 మందిని రెండుగా విడగొడితే ఒక్కో వైపు ఎంతమంది? అంత తక్కువ మందిలో తేడా ఉన్నా దొరకదు. తేడా దొరకలేదు కాబట్టి రెండూ సమానం అనేస్తే ఎలా? పైగా ఏ సారమూ లేని ఉత్త క్రీమ్ రాసుకున్న మూడో జట్టే లేదు. గ్లిజరిన్ ఉన్న మామూలు క్రీమ్ కూడా తేమ పట్టి ఉంచి సన్న గీతల్ని కాసేపు కనబడనివ్వదు. మరి తగ్గినదాంట్లో బకుచియోల్ వాటా ఎంత?

గ్రీన్ టీ సారానికి అలాంటి పరీక్ష 2005లోనే చేశారు. 40 మంది ఆడవాళ్లు, 8 వారాలు. సగం మందికి 10 శాతం క్రీమ్, మాత్రలు. మిగతా సగానికి ఉత్తవి. మైక్రోస్కోపు కింద చర్మంలో సాగే పీచు కొంత మెరుగైంది, ముఖం చూస్తే మాత్రం తేడా లేదు. మనం డబ్బులు పోసేది ముఖం కోసమే కదా.

పసుపుకొమ్ము:
గ్రీన్ టీ ఫెయిలైతే బావంచాలు కూడా ఫెయిలవ్వాలా? మొక్క వేరు, పదార్థం వేరు. రెటినాల్ కదిలించే జన్యువుల్లో చాలావాటిని బకుచియోల్ కూడా కదిలిస్తుందని 2014లో చూపించారు.

అనుమానప్పక్షి:
ప్రయోగశాలలో. ఆ పేపర్ రాసినవాళ్లలో ఒకరిది బకుచియోల్ అమ్మే కంపెనీయే. అబద్ధం అనను, కానీ వేరేవాళ్లు పెద్ద పరీక్ష చేసేదాకా నా జేబులోంచి వెయ్యి కదలదు.

వేపపుల్ల:
ఈ గొడవంతా ఎందుకు? బావంచాలు మూలికల కొట్లో చవగ్గా దొరుకుతాయి. పాలతో నూరి రాసేసుకుంటే పోలా?

తెల్లకోటు:
వేపపుల్ల గారూ, దయచేసి ఆ పని చెయ్యకండి, ఎవరికీ చెప్పకండి. నేను చర్మవ్యాధుల విభాగంలోనే పనిచేస్తాను. ఆ గింజల్లో సోరలెన్లు కూడా ఉంటాయి. అవి చర్మానికి పట్టి ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి బొబ్బలొస్తాయి, ఆ తర్వాత నల్లమచ్చలు నెలల తరబడి పోవు. బొల్లికి ఆయుర్వేదంలో ఈ గింజలు వాడేదీ, ఆసుపత్రుల్లో సోరలెన్ ఇచ్చి యూవీఏ (ఒక రకం అతినీలలోహిత) వెలుగు పట్టేదీ ఆ గుణం కోసమే. అక్కడ మోతాదు, వెలుగు రెండూ కొలిచి ఇస్తారు. బెజవాడ ఎండను ఎవరు కొలుస్తారు? క్రీముల్లో వేసేది శుద్ధి చేసిన బకుచియోల్, గింజల ముద్ద కాదు.

గోదారిగట్టు గారూ, రెటినాల్ పూర్తిగా మానక్కర్లేదు. మంట తగ్గాక వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత, పైన మాయిశ్చరైజర్. గర్భం ఆలోచన ఉంటే మాత్రం వద్దు. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. ఆస్ట్రేలియాలో 900 మందికి పైగా నాలుగున్నరేళ్లు గమనించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్లలో, ఇష్టమైనప్పుడు రాసినవాళ్లతో పోలిస్తే, చర్మం ముదరడం 24 శాతం తక్కువ.

పసుపుకొమ్ము:
సన్‌స్క్రీన్ కొత్త ముడతల్ని ఆపుతుందేమో, ఉన్నవాటి సంగతేంటి? రెటినాల్ పడనివాళ్లకు బకుచియోల్ కాకపోతే ఇంకేముంది?

అనుమానప్పక్షి:
ఆ ఒక్క మాట ఒప్పుకుంటాను. అయితే శాతం రాసి ఉన్న సీసానే కొనాలి. పరీక్షలో వాడింది 0.5 శాతం. ఒక శాతం కన్నా తక్కువున్న పదార్థాలను జాబితాలో ఏ వరసలోనైనా రాసుకోవచ్చు, కాబట్టి పేరు ముందుందని మురిసిపోవద్దు.

గోదారిగట్టు:
షాపువాళ్లిచ్చిన ఫొటో ఇప్పుడే చూశాను. అట్ట మీద ఆకులు, గింజలు, పువ్వులు అన్నీ ఉన్నాయి, శాతం తప్ప. ప్రస్తుతానికి సన్‌స్క్రీన్ కొంటున్నా. తెల్లకోటు గారూ, మంట పూర్తిగా తగ్గేదాకా కళ్ల చుట్టూ ఉత్త మాయిశ్చరైజర్ రాస్తే సరిపోతుందా?