చిన్న ట్రావెల్ ట్రైలర్‌కు ఎలాంటి పోర్టబుల్ టాయిలెట్ తీసుకోవాలి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా ట్రైలర్ చాలా చిన్నది. ఒక మంచం, ఒక వంటగట్టు, వెనుక గోడకు ఆనుకుని మూత తెరుచుకునే ఒక బల్ల తప్ప అందులో మరేమీ పట్టదు. స్నానాల గది లేదు, మురుగునీటికి విడి ట్యాంకు కూడా లేదు. ఇంతవరకు విడిది స్థలాల్లో అందరికీ కలిపి ఉండే మరుగుదొడ్లతోనే సరిపెట్టుకున్నాం. ఇకమీదట మా అమ్మగారు కూడా మాతో ప్రయాణం చేస్తారు. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి, రాత్రివేళ రెండు మూడుసార్లు లేవవలసి వస్తుంది. చీకట్లో, తడి నేల మీద ఆమెను అంత దూరం నడిపించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

బల్ల కింద లోపలి ఎత్తు 42 సెంటీమీటర్లు, వెడల్పు 50, లోతు 45. 10 లీటర్లదీ 20 లీటర్లదీ రెండూ చూశాను. నీరే అవసరం లేని రకం మేలని కొందరు చెబుతున్నారు. పెద్ద ట్యాంకైతే తరచు ఖాళీ చేసే పని తప్పుతుందని నా ఆలోచన. ఇది సరైనదేనా? దుర్వాసన సంగతి ఏమిటి? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు కొలతలు ముందే ఇవ్వడం వల్ల సమాధానం చెప్పడం సులువైంది. అయితే ట్యాంకు పెద్దదైతే పని తగ్గుతుందన్న ఆలోచన దగ్గరే కొంచెం ఆగాలి. ఈ వస్తువును ఎంచుకునేటప్పుడు మొదట తేల్చుకోవలసింది అందులో ఎన్ని లీటర్లు పడతాయన్నది కాదు, నిండిన ట్యాంకును ఎవరు, ఎంత దూరం, ఎన్ని రోజులకొకసారి మోసుకెళ్లి ఖాళీ చేస్తారన్నది. మిగిలినవన్నీ దీని తరువాతే.

లెక్క చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల మూత్రం వస్తుంది. ప్రతిసారీ ఫ్లష్ చేయడానికి పై ట్యాంకులోంచి పావు లీటరు నుంచి అర లీటరు నీరు పడుతుంది కాబట్టి, రోజంతా దీన్నే వాడితే ఒక్కొక్కరికి మూడు నాలుగు లీటర్లు మలమూత్రాలు నిలిచే కింది ట్యాంకులోకి చేరుతాయి. శుభ్రతకు కాగితం కాక నీరు వాడేవారైతే ఇంకొక లీటరు కలుపుకోవాలి. అంటే ముగ్గురు పూర్తిగా దీని మీదే ఆధారపడితే 10 లీటర్ల ట్యాంకు ఒక్క రోజుకు సరిపోవడం కష్టం, 20 లీటర్లదైనా రెండు రోజులే. పగలు బయటి మరుగుదొడ్లు వాడుకుని దీన్ని రాత్రికే ఉంచుకుంటే రోజుకు నాలుగైదు లీటర్లకు మించదు. డబ్బా మీద ఇన్ని డజన్ల ఫ్లష్‌లు వస్తాయని అచ్చువేసిన సంఖ్యలు అతి తక్కువ నీటితో లెక్కగట్టినవి కాబట్టి వాటిని నమ్ముకుని కొనవద్దు.

ఇక బరువు. 20 లీటర్ల ట్యాంకు నిండితే ట్యాంకు బరువుతో కలిపి 22 కిలోల పైచిలుకు ఉంటుంది. అది లోపల అటూ ఇటూ ఊగే బరువు. ట్రైలర్ మెట్లు దిగుతూ, ఒంటి చేత్తో పిడి పట్టుకుని, కాలికి తగలకుండా మోయడం అందరివల్లా అయ్యే పని కాదు. 10 లీటర్లదైతే 12 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది.

ఎత్తు విషయానికి వస్తే, 10–12 లీటర్ల తరగతి టాయిలెట్లు 31 నుంచి 33 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. థెట్‌ఫోర్డ్ వారి పోర్టా పాటీ 335, డొమెటిక్ వారి 972 ఈ కోవలోవి. 20 లీటర్ల తరగతిలో పోర్టా పాటీ 365, డొమెటిక్ 976 వంటివి 39 నుంచి 41 సెంటీమీటర్ల వరకు ఉంటాయి. ఇంటి కమోడు ఎత్తు సాధారణంగా 40 సెంటీమీటర్ల పైన ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు 31 సెంటీమీటర్ల పీట మీద కూర్చోవడం, అంతకుమించి లేవడం, నిజంగా బాధాకరమైన విషయం. కనుక మీ ఇంట్లో బరువు చిన్నదాన్ని కోరుతుంది, అమ్మగారి మోకాళ్లు పెద్దదాన్ని కోరుతాయి. నేనైతే మోకాళ్ల మాటే వింటాను. 20 లీటర్లది కొని, దాన్ని ఎప్పుడూ సగానికి మించి నిండనివ్వకుండా ప్రతి ఉదయం ఖాళీ చేసే నియమం పెట్టుకోండి. అప్పుడు మోయవలసింది ఏడెనిమిది కిలోలే.

ట్యాంకు నిండినట్టు చూపే సూచికను ఈ నియమానికి ఆధారంగా పెట్టుకోవద్దు. చాలా మోడళ్లలో అది ట్యాంకు దాదాపు నిండిన తరువాతే రంగు మారుతుంది.

రెండవ సమాధానం

పై సమాధానంలోని లెక్కలతో ఏకీభవిస్తాను, నిర్ణయంతో మాత్రం పూర్తిగా కాదు. ప్రతి ఉదయం ఖాళీ చేయాలంటే ప్రతి ఉదయం అందుకు తగిన చోటు దగ్గర్లో ఉండాలి. డంప్ స్టేషన్ (టాయిలెట్ ట్యాంకును పారబోసేందుకు ఏర్పాటు చేసిన చోటు) లేని చోట్ల విడిది చేసే అలవాటుంటే మూత్రాన్నీ మలాన్నీ వేరుచేసే పొడి టాయిలెట్‌ను తప్పక పరిశీలించండి. దుర్వాసనకు అసలు కారణం ఆ రెండూ కలిసి నీటిలో నానడమే. వేరుగా ఉంచి, ఘనపదార్థాన్ని కొబ్బరి పీచు పొడిలో కలిపి, చిన్న ఫ్యానుతో గాలిని బయటికి లాగితే వాసన చాలావరకు పోతుంది. ఇద్దరు వాడుతున్నా ఘనపదార్థపు పాత్రను కొన్ని వారాల వరకు కదపనక్కరలేదు. మూత్రపు సీసా మాత్రం ఏడెనిమిది లీటర్లదే కనుక దాన్ని ఒకటి రెండు రోజులకొకసారి ఖాళీ చేయక తప్పదు.

ఇందులోని ఇబ్బందులు కూడా చెప్పాలి. నేచర్స్ హెడ్ వంటి పొడి టాయిలెట్లు 50 సెంటీమీటర్లకు పైగా ఎత్తుంటాయి కాబట్టి మీ బల్ల కింద పట్టవు. గాలి గొట్టానికి గోడలో రంధ్రం చేయాలి, ఫ్యానుకు 12 వోల్టుల విద్యుత్తు ఇవ్వాలి. అందరూ, మగవారితో సహా, కూర్చునే వాడాలి. కొన్ని వారాల్లో తయారయ్యేది ఎండి వాసన తగ్గిన మలమే తప్ప ఎరువు కాదు, రోగక్రిములు నశించడానికి ఇంకా చాలా నెలలు పడుతుంది. కాబట్టి దాన్ని చెట్ల మొదట్లో గానీ నీటి వనరుల దగ్గర గానీ పారవేయకూడదు.

మీ కొలతలు 42 సెంటీమీటర్లే అయితే ఇది మీకు నప్పదనే చెప్పాలి. అయినా భవిష్యత్తులో ట్రైలర్ లోపలి అమరిక మార్చే ఆలోచనుంటే గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేము ఎక్కువగా డంప్ స్టేషన్ ఉన్న చోట్లే దిగుతాం. గోడకు రంధ్రం చేయడం నాకు ఇష్టం లేదు కాబట్టి నీటితో ఫ్లష్ అయ్యే రకానికే మొగ్గుతున్నాను. ఇంకా మూడు సందేహాలున్నాయి. 41 సెంటీమీటర్ల టాయిలెట్ 42 సెంటీమీటర్ల అరలో ఇముడుతుందా? ఆ బల్ల ఇరుసుకు వెనుక భాగంలో ఉంది, దానివల్ల ప్రయాణంలో ఏమైనా ప్రమాదమా? రసాయనం ఏది వాడాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

లెక్క ప్రకారం ఇముడుతుంది గానీ, అంచుకు చేతివేళ్లు పట్టే సందు ఉండాలి. కింద బిగించే పలక మందం కూడా అందులోనే పోతుంది. మీకు 39 సెంటీమీటర్ల మోడలే క్షేమం. కొనేముందు దాని కొలతలకు అట్టపెట్టెతో ఒక నమూనా చేసి, బల్ల కింద పెట్టి, బయటికి లాగి, మళ్లీ లోపలికి తోసి చూడండి. అమ్మగారిని కూడా ఆ ఎత్తులో ఉన్న ఏదైనా గట్టి పీట మీద కూర్చోబెట్టి, చేతి ఊతం లేకుండా లేవగలరేమో గమనించండి. లేవలేకపోతే టాయిలెట్ మార్చడం కన్నా పక్క గోడకు ఒక గట్టి పట్టుకమ్మీ బిగించడమే మేలు. ఆ కమ్మీని పలుచని గోడ పలకకు కాకుండా లోపలున్న చట్రానికి మరలతో బిగించాలి.

ఇరుసు వెనుక బరువు గురించి మీరు అడగడం చాలా మంచిదైంది. ట్రైలర్ బరువులో సాధారణంగా 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడేలా సర్దుకోమని చెబుతారు. దేశాన్ని బట్టీ తయారీదారును బట్టీ ఈ శాతం మారుతుంది కనుక మీ ట్రైలర్ పుస్తకం చెప్పినదే ప్రమాణం. ఇరుసు వెనుక ఎంత బరువు పెరిగితే కొక్కెం మీద అంత తగ్గుతుంది, ట్రైలర్ వేగంలో పక్కలకు ఊగడం మొదలవుతుంది. చిన్న ట్రైలర్‌లో పై ట్యాంకు నీరు, కింది ట్యాంకు మలజలం కలిపి 30 కిలోలంటే లెక్కలోకి వచ్చే బరువే. అందువల్ల బయలుదేరేముందు కింది ట్యాంకు ఖాళీగా ఉండాలి, పై ట్యాంకులో నీరు చేరవలసిన చోటికి చేరాకే నింపాలి. టాయిలెట్‌తో పాటు అమ్మే నేల బిగింపులు కూడా కొనండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు జారిపోకుండా అవే ఆపుతాయి.

రసాయనాల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్న పాత రకం నీలిద్రవాన్ని వాడవద్దని గట్టిగా కోరుతున్నాను. అది వాసనను బాగానే అణుస్తుంది గానీ, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే మేలైన సూక్ష్మజీవులను కూడా చంపుతుంది, మనుషుల ఆరోగ్యానికీ హానికరం. సెప్టిక్ ట్యాంకులకు హాని లేదని సీసా మీద స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. ఎండాకాలం మూసి ఉన్న ట్రైలర్‌లో మందు ప్రభావం త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు మోతాదు పెంచే బదులు ట్యాంకును త్వరగా ఖాళీ చేయడమే సరైన పని.

మూడవ సమాధానం

కాగితం గురించి ఒక మాట. వేగంగా కరిగేదే వాడాలి. మూత ఉన్న సీసాలో నీళ్లు పోసి ఒక ముక్క వేసి కాసేపు ఊపండి, పొరలుగా విడిపోతే ఫర్వాలేదు, ముద్దగానే మిగిలితే అది ట్యాంకు మూతి దగ్గర అడ్డుపడుతుంది. తడి తుడుపు కాగితాలు, కరుగుతాయని రాసినవైనా సరే, ఎప్పుడూ అందులో వేయకండి.

అలాగే బ్లీచింగ్ ద్రవంతో ట్యాంకు కడగవద్దు. అది రబ్బరు సీలును పాడుచేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమిన్ వాయువు వెలువడుతుంది. ఇరుకు ట్రైలర్‌లో అది నిజమైన ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు

39 సెంటీమీటర్ల 20 లీటర్ల మోడలే నిశ్చయించుకున్నాను. ప్రతి ఉదయం ఖాళీ చేస్తాను. ఖాళీ చేసే పద్ధతి వివరంగా చెప్పగలరా? మీద చిందుతుందేమోనన్న భయం ఒకటుంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

చిందడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి, రెండింటినీ నివారించవచ్చు. మొదటిది గాలి ఒత్తిడి. కొండ ఎక్కినా, ట్రైలర్ ఎండలో వేడెక్కినా, మూసి ఉన్న కింది ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. గిన్నె అడుగున ఉన్న జారుడు పలకను అలాంటప్పుడు తెరిస్తే లోపలిది పైకి చిమ్ముతుంది. అందుచేత ప్రయాణం ముగిశాక మొదటిసారి వాడేముందు పై మూత వేసి ఉంచి, పలకను కొద్దిగా లాగి, గాలి పోయాక తిరిగి మూసివేయాలి. ఇది అమ్మగారికి వదిలిపెట్టకుండా మీరే చేయండి.

రెండవది పారబోసేటప్పుడు గాలి లోపలికి వెళ్లక నీరు గుటకలు గుటకలుగా రావడం. జారుడు పలక గట్టిగా మూసి ఉందో లేదో చూసుకుని, పక్కనున్న కొక్కీ విప్పి పై ట్యాంకును వేరు చేయండి. కింది ట్యాంకును పారబోసే గొట్టం పైకి ఉండేలా పట్టుకుని మోయాలి. డంప్ స్టేషన్ దగ్గర గొట్టాన్ని బయటికి తిప్పి, మూత తీసి జేబులో పెట్టుకోండి, అది గుంతలో పడిపోవడం చాలామందికి జరిగేదే. గొట్టం మూతిని గుంతకు బాగా దగ్గరగా వంచిన తరువాతే గాలి బొత్తాన్ని బొటనవేలితో నొక్కాలి. ముందే నొక్కితే ఆ రంధ్రంలోంచే కారుతుంది. సరిగ్గా నొక్కి ఉంచితే నీరు ఒకే ధారగా, చప్పుడు లేకుండా దిగిపోతుంది. తరువాత రెండు లీటర్ల నీరు పోసి, మూత బిగించి, అటూ ఇటూ ఊపి మళ్లీ పారబోయండి. నీరు తేటగా వచ్చేదాకా ఇలా చేసి, చివరగా అడుగు తడిసేలా ఒకటి రెండు లీటర్ల నీటిలో మందు కలిపి పోయాలి. పొడిగా ఉన్న అడుగుకు మలం అంటుకుంటే మరుసటి రోజు కడగడం రెట్టింపు పనవుతుంది. చేతి తొడుగులు తప్పనిసరి, తాగునీటి కొళాయి దగ్గర ఏ పరిస్థితిలోనూ కడగకూడదు.

వాన నీటి కాలువలోనో పొదల్లోనో పారబోస్తే అదంతా చివరికి ఎవరో తాగే నీటిలోకే చేరుతుంది. డంప్ స్టేషన్ లేకపోతే మామూలు మరుగుదొడ్డిలో, అక్కడివారి అనుమతితో, కొద్దికొద్దిగా పోయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టంగా అర్థమైంది. ఇక చివరి సందేహం: నెలల తరబడి ట్రైలర్ వాడనప్పుడు టాయిలెట్‌ను ఎలా ఉంచాలి?

మూడవ సమాధానం ఇచ్చినవారు

రెండు ట్యాంకులూ పూర్తిగా ఖాళీ చేసి, పంపును చివరి చుక్క వచ్చేదాకా నొక్కి, ఆరబెట్టండి. గడ్డకట్టే చలి ఉండే చోట ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మంచుగా మారేటప్పుడు నీరు సుమారు 9 శాతం వ్యాకోచించి పంపునూ ట్యాంకునూ పగలగొడుతుంది. చలిలో కూడా వాడవలసి వస్తే ప్రొపిలీన్ గ్లైకాల్ రకం యాంటీఫ్రీజ్ మాత్రమే కలపాలి. కారు రేడియేటర్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితం, దాని జోలికి పోవద్దు. జారుడు పలక అంచు సీలుకు పెట్రోలియం జెల్లీ గానీ వంటనూనె గానీ కాక సిలికాన్ నూనె పలుచగా రాసి, పలకను కొంచెం తెరిచే ఉంచండి. మూసి ఉంచితే రబ్బరు పలకకు అంటుకుపోయి, మళ్లీ తెరిచేటప్పుడు చిరుగుతుంది.