సిలిండర్ కేసులో డ్రాగ్ 1.68 వస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఎంటెక్_ప్రాజెక్ట్:
అందరికీ నమస్తే. ఓపెన్‌ఫోమ్‌లో (ప్రవాహాలని కంప్యూటర్‌లో లెక్కించే సాఫ్ట్‌వేర్) గుండ్రటి సిలిండర్ చుట్టూ ప్రవాహం రన్ చేస్తున్నాను, రేనాల్డ్స్ నంబర్ (ప్రవాహపు జడత్వానికి, జిగటకి ఉన్న నిష్పత్తి) 3900. పేపర్లలో డ్రాగ్ కోఎఫిషియంట్ (ప్రవాహం సిలిండర్‌ని ఎంత గట్టిగా నెడుతుందో చెప్పే సంఖ్య) 1 దగ్గర ఉంది, నాకేమో 1.68. స్ట్రౌహాల్ నంబర్ (వెనక సుడులు ఎంత తరచుగా విడిపడతాయో చెప్పేది) 0.21 రావాల్సింది 0.24 వస్తోంది. మెష్ (ప్రవాహాన్ని చిన్న సెల్స్‌గా విడగొట్టే వల) మూడుసార్లు సన్నం చేసి 1,20,000 సెల్స్ దాకా వెళ్లాను, టైమ్ స్టెప్ సగం చేశాను, అయినా డ్రాగ్ కదలట్లేదు. కేసు 2డీ, స్మగోరిన్‌స్కీ ఎల్‌ఈఎస్ (పెద్ద సుడులని నేరుగా లెక్కించి, చిన్నవాటిని మోడల్‌తో అంచనా వేసే పద్ధతి) పెట్టాను. నెల రోజుల్లో రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

సుడిగాలి:
మెష్ ఇంకెంత సన్నం చేసినా ఇది తగ్గదు తమ్ముడూ, తప్పు 2డీలోనే ఉంది. రేనాల్డ్స్ నంబర్ 190 దాటాక సిలిండర్ వెనక ప్రవాహం దాని పొడవు వెంట కూడా మారిపోతుంది, సుడులు సాగి, మెలితిరిగి, చిన్నవిగా విరుగుతాయి. 2డీలో సుడి సాగడానికి మూడో దిక్కే లేదు కాబట్టి విరగకుండా బలంగా సిలిండర్ వీపుకి దగ్గరగా చుట్టుకుంటుంది, అక్కడ పీడనం బాగా పడిపోతుంది, డ్రాగ్ పెరుగుతుంది. ఎల్‌ఈఎస్‌ని 2డీలో వాడటంలో అర్థమే లేదు.

3డీ చెయ్యి. సిలిండర్ పొడవు వ్యాసానికి π రెట్లు, ఆ పొడవు వెంట 48 పొరల సెల్స్, రెండు చివర్లా సైక్లిక్ (ఒక చివర బయటికి పోయింది రెండో చివర లోపలికి వచ్చేలా). ఇప్పుడున్న మెష్‌నే 48 పొరలు చేస్తే 57 లక్షలు దాటుతుంది, అందుకని దూరంగా ఉన్న సెల్స్ తగ్గించి ఒక పొరని 40,000కి తెచ్చుకో, 19 లక్షల్లో అయిపోతుంది. గోడ దగ్గర, వెనక రెండు మూడు వ్యాసాల దాకా మాత్రం తగ్గించకు.

గోడపక్కసెల్:
కన్వెక్షన్‌కి (ప్రవాహం తనతో మోసుకెళ్లే భాగానికి) అప్‌విండ్ స్కీమ్ (ప్రవాహం వచ్చే వైపు సెల్ విలువే తీసుకునే లెక్క) ఉంటే ముందు అది మార్చండి. 3900 దగ్గర సిలిండర్ మీద బౌండరీ లేయర్ (గోడని అంటిన పల్చటి పొర) ఇంకా లామినారే, అంటే అలజడి లేనిదే, గోడని వదిలాక షియర్ లేయర్‌లో (వేగం ఒక్కసారిగా మారే పల్చటి పొర) టర్బులెన్స్ మొదలవుతుంది. ఆ చిన్న చిన్న అలజడులని అప్‌విండ్ తినేస్తుంది. వేగానికి లీనియర్ స్కీమ్ పెట్టి, కూరాంట్ నంబర్ (ఒక టైమ్ స్టెప్‌లో ప్రవాహం ఎన్ని సెల్స్ దాటుతుందో) 1 లోపు ఉంచండి.

ఎంటెక్_ప్రాజెక్ట్:
ఇద్దరికీ చాలా థాంక్స్! 3డీలో డ్రాగ్ 1.04, స్ట్రౌహాల్ 0.21 వచ్చాయి. వెనక రీసర్క్యులేషన్ (ప్రవాహం వెనక్కి తిరిగే బుడగ) పొడవు 1.2 వ్యాసాలు, లోరెన్సో, షీ 1993 ప్రయోగంలో ఉన్న 1.19కి దాదాపు సరిపోయింది. 12 సుడుల సైకిళ్ల మీద సగటు తీశాను. ఇక రిపోర్ట్ రాసెయ్యొచ్చా?

సుడిగాలి:
ఆగు, రాయకు. ఈ కేసులో చాలామంది పడే గుంత అదే. 2008లో పార్నోడో బృందం కొలిస్తే ఆ పొడవు 1.51 వచ్చింది. 1993 ప్రయోగంలో బయటి అలజడి వల్ల షియర్ లేయర్ ముందే టర్బులెంట్ అయి, పొడవు తగ్గిందని క్రావ్‌చెంకో, మొయిన్ 2000లో వాదించారు. సిలిండర్ పొడవు దిశలో మెష్ ముతకగా ఉన్నా అలాగే ముందే విరుగుతుందని కూడా వాళ్లే చూపించారు, అంటే ముతక మెష్ తప్పుడు కారణంతో ఆ ప్రయోగానికి చక్కగా సరిపోతుంది! సిలిండర్ మధ్య నుంచి 1.06 వ్యాసాల దూరంలో సగటు వేగం గీసి చూడు. V ఆకారం వస్తే అనుమానించు, పొడవు 1.5 దగ్గరున్న ఫలితాల్లో అది U లాగా వెడల్పుగా ఉంటుంది.

12 సైకిళ్లు కూడా చాలవు. వెనక బుడగ మెల్లగా పొట్టిగా, పొడుగ్గా మారుతూ ఉంటుంది, నువ్వు ఏ దశ పట్టుకున్నావో తెలీదు. మొదటి 20 వదిలేసి, కనీసం 50 సైకిళ్లు తియ్యి. నేను 25తో ఆపి సమర్పించిన రిపోర్ట్ తర్వాత మొత్తం తిరగరాయాల్సి వచ్చింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఎంటెక్_ప్రాజెక్ట్:
గీశాను అన్నా, V వచ్చింది. షియర్ లేయర్ దగ్గర సెల్స్ పెంచి, 64 పొరలతో రాత్రే మళ్లీ పెట్టాను. 50 సైకిళ్లు అయ్యాక గ్రాఫ్ ఇక్కడే పెడతాను.