మానధనంబుఁ “దెచ్చెనో”నా, “దోచెనో”నా?

శేషాచలం చిత్రాలు:
అందరికీ నమస్కారం. “చెల్వల మానధనంబుఁ...” దాకా వచ్చి నోరు ఆగిపోతోంది. తర్వాత “దెచ్చెనో”నా, “దోచెనో”నా? ఇంట్లో అమ్మ ఒకటి పాడుతుంది, మా పెద్దమ్మ ఇంకొకటి. పద్యం మొత్తం ఇవ్వక్కర్లేదు, పోతన భాగవతంలో కృష్ణుడు కనబడక గోపికలు మల్లెలను అడిగేదే, “నల్లనివాడు”.

ఎందుకంటే ఒక బొమ్మ కింద రాయాలి. ఓ వీడియో గేములో ఒక మూల కనబడి పోయే వేరే గ్రహం జాతి ఉంది, వాళ్ళకు మొక్కలే దేవుళ్ళు. గేములో వాళ్ళ గురించి చెప్పింది కొంచెమే. మిగతా ఆచారాలన్నీ మాలాంటి అభిమానులు అల్లినవే. మేం వాళ్ళను మొక్కులవాళ్ళు అంటాం. చెట్టుకు వీపు పెట్టరు, నీడలోకి అడుగు పెట్టేముందు చెట్టును అడుగుతారు. నా బొమ్మలో ఒకామె మన కొండల్లోని, ఈతచెట్టులా ఉండే సైకస్ బెడ్డోమీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అరచేతుల్లో గీతల బదులు ఆకు ఈనెలు వేశాను. చేతులు మానును తాకవు, వేలెడు దూరంలో ఆగుతాయి.

పుత్తూరు అయ్యవారు:
దెచ్చెనో. నేను చదివిన అచ్చు ప్రతుల్లో అదే ఉంది. రెండోది పాడేవాళ్ళ నోట పుట్టింది.

కాణిపాకం రోడ్డు:
అయ్యవారూ, అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? ఉత్పలమాల పాదం చివర రెండూ ఒకేలా నడుస్తాయి. దె, దో రెండూ గురువులే. యతి పాదం మొదటి “జి”కీ, “చెల్వల”లోని “చె”కీ ముందే కుదిరిపోయింది. కాబట్టి ఛందస్సు సాక్ష్యం చెప్పదు, అర్థమే చెప్పాలి. మూలమైన సంస్కృత భాగవతంలో రావినీ జువ్వినీ మర్రినీ అడిగేటప్పుడు “గతో హృత్వా” అని ఉంది. మా మనసు హరించి వెళ్ళాడు అని. హృత్వాకి తెలుగు దోచడం కాక ఇంకేమిటి? నా ఓటు దోచెనోకే.

పుత్తూరు అయ్యవారు:
అది చెట్ల శ్లోకం నాయనా. మల్లెల శ్లోకం వేరే ఉంది, “మాలత్యదర్శి వః కచ్చిన్మల్లికే జాతి యూథికే”. అందులో దొంగతనం ఊసే లేదు. చేత్తో తాకి మీకు ఆనందం కలిగిస్తూ ఇటు వెళ్ళాడా అని మాత్రమే అడుగుతారు. చెట్ల దగ్గరి దొంగతనాన్ని తీసుకొచ్చి మల్లెపొద దగ్గర పెట్టింది పోతన. అంత చేసినవాడు “తెచ్చె” అన్న మాట ఊరికే వేస్తాడా?

పాకాల జంక్షన్:
మా పక్క ‘ఎత్తుకొచ్చినాడు’ అంటే తెచ్చినాడనీ అర్థమే, దొంగిలించినాడనీ అర్థమే. బిందెతో నీళ్ళు ఎత్తుకొస్తాం, పక్కింటి కోడినీ ఎత్తుకొస్తారు. పోతనది ఒంటిమిట్ట అంటారు కదా, ఈ వాడుక ఆయనకు తెలిసే ఉంటుంది.

కాణిపాకం రోడ్డు:
ఒంటిమిట్ట గొడవ ఇక్కడ వద్దన్నా. పోతన మా ఊరివాడే అనే బమ్మెర వాళ్ళు లేచి వస్తే అసలు సంగతి మూలకు పోతుంది.

శేషాచలం చిత్రాలు:
పాకాల అన్నా, మీ మాటతో నాకు ఒకటి తట్టింది. అడుగుతున్నది ఎవరిని? మల్లెలను. అవి కదలవు. గోపికల వైపు నుంచి చూస్తే కృష్ణుడు మానధనం తీసుకుని పోయాడు. పొద వైపు నుంచి చూస్తే తీసుకుని వచ్చాడు. దోచిన సొత్తును దొంగ దాచడానికి తెచ్చేది పొదల మాటుకే కదా! మూలంలోని “గతః” పోయి “తెచ్చె” వచ్చిందంటే, పోతన నిలబడి చూసిన చోటు మల్లెపొదే. మా మొక్కులవాళ్ళ భాషకు మేం పెట్టుకున్న నియమం కూడా ఇదే. రావడం, పోవడం, తేవడం అన్నీ దగ్గర్లో ఉన్న మొక్క నుంచే లెక్క, మాట్లాడే మనిషి నుంచి కాదు. ఇక ఎవరేమన్నా నేను దెచ్చెనో అనే రాస్తాను.

పుత్తూరు అయ్యవారు:
ఇది ఏ వ్యాఖ్యానంలోనూ నేను చదవలేదమ్మా. బాగుంది. తర్వాతి పాదంలో “మీ పొదలమాటున” అన్నదానికి అతుకుతుంది కూడా.

కాణిపాకం రోడ్డు:
బాగుండడం వేరు, కవి ఉద్దేశం వేరు. బరువైన ఆరోపణ చేసేటప్పుడు ‘తెచ్చాడా’ అని ఎవరైనా మెత్తగా అడుగుతారా?

పుత్తూరు అయ్యవారు:
మెత్తగానే అడుగుతారు. సాక్షిని బెదిరిస్తే చెప్పదు. “గదమ్మ” అని బతిమాలడం చూడు.

అలిపిరి మెట్లు:
అక్కా, మొక్క, మొక్కు ఒకే ధాతువు అయ్యుండాలి. తిరుమలలో పురుశైవారి తోటకు స్వామి వేంచేసినప్పుడు పొగడ చెట్టుకు హారతిచ్చి శఠారి పెడతారు. ఆ తోట పెంచిన భక్తుడు అనంతాళ్వారుల గుర్తుగా. చెట్టుకు శఠారి! మీ గ్రహం దాకా పోనక్కర్లేదు.

పుత్తూరు అయ్యవారు:
శఠారి మాట నిజం, ధాతువు మాట కాదు. మొక్కు పాత రూపం మ్రొక్కు. ఆ రేఫను ఏం చేస్తావు? మొక్కకు చుట్టం కావాలంటే మొగ్గను చూడు.

తలకోన తీగ:
ఆ పక్కనే ఉన్న సీసపద్యం ఎవరూ ఎత్తలేదేం? “పున్నాగ! కానవే పున్నాగవందితు”. ప్రతి చెట్టు పేరూ తిరిగి స్వామి విశేషణంలోకి వచ్చి చేరుతుంది. చెట్టును దేవుడిగా చూసే జాతికి ఇంతకంటే మంత్రం దొరకదు. “చందన! కానవే చందనశీతలు” అన్నచోట మాత్రం మన ఎర్రచందనం గీయకండి. ఆ చల్లదనం శ్రీగంధానిది. ఎర్రచందనానికి ఆ వాసన ఎక్కడిది?

శేషాచలం చిత్రాలు:
సీసం ఇంకో బొమ్మకు దాచుకున్నాను. ఇప్పుడు సైకస్ పక్కన మల్లెపొద వేయాలి. గుండుమల్లె వేయనా?

కాణిపాకం రోడ్డు:
అక్కడా చిక్కే ఉంది. రాసక్రీడ శరత్తులో. మల్లె మనకు ఎండాకాలంలో విరగపూస్తుంది. మరి ఆ రాత్రి పూసింది ఏ మల్లియ?

పుత్తూరు అయ్యవారు:
మూలంలోనే “శారదోత్ఫుల్లమల్లికాః” అని ఉంది. కాలం కాని కాలంలో పూయడమే ఆ రాత్రి మహిమ. గుండుమల్లే వెయ్యమ్మా.

తలకోన తీగ:
అయ్యవారూ, ఆ శ్లోకంలో యూథిక కూడా ఉంది. అడవిమొల్ల. పోతన అందరినీ కలిపి మల్లియలారా అన్నాడేమో. మాకు అడవిలో కనబడేది అదే. తీగలా పాకుతుంది, రేకులు సన్నం. నేనైతే అదే గీస్తాను.