అక్విటేన్ ఎలియనోర్ ‘విడాకులు’ ఇచ్చిందా?

ప్రశ్న:
అక్విటేన్ డచీ (డ్యూక్ ఏలే ప్రాంతం, ఇప్పటి నైరుతి ఫ్రాన్స్‌లో ఉంది) వారసురాలు ఎలియనోర్ మీద వచ్చిన ఒక వ్యాసంలో “1152లో ఫ్రాన్స్ రాజు ఏడవ లూయీకి విడాకులిచ్చి, ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీని పెళ్లాడింది” అని ఉంది. ఇక్కడ ‘విడాకులు’ సరైన మాటేనా? ‘వివాహ రద్దు’ అనాలా?

మొదటి జవాబు:
ఆ ఒక్క వాక్యంలోనే రెండు పొరపాట్లున్నాయండీ. 1152 మే 18న పువాటియేలో పెళ్లినాటికి హెన్రీ రాజు కాడు. నార్మండీ డ్యూక్, ఆంజూ కౌంట్. వయసు 19. ఇంగ్లండ్‌లో పట్టాభిషేకం 1154 డిసెంబరు 19న.

ఇక విడాకులు. ఆ మాట వాడితే పెళ్లి చెల్లింది, కొన్నాళ్లు సాగింది, తర్వాత తెగింది అని అర్థం వస్తుంది. అలా తెంచుకుని, మొదటి భర్త బతికుండగా మరొకరిని చేసుకోవడానికి 12వ శతాబ్దపు చర్చి ఒప్పుకోదు. అసలు ఆ పెళ్లి మొదటినుంచీ చెల్లదని తేల్చడం ఒక్కటే దారి. 1152 మార్చి 21న బోజాన్సీలో సమావేశమైన బిషప్పులు చేసింది అదే. చూపిన కారణం రక్తసంబంధం. అసలు కారణం, 15 ఏళ్ల కాపురంలో ఇద్దరు ఆడపిల్లలే తప్ప కొడుకు పుట్టకపోవడం, ఆ పైన ఇద్దరికీ పొసగకపోవడం.

‘వివాహ రద్దు’ కూడా నప్పదు. పత్రికలు దాన్ని విడాకులకూ వాడుతున్నాయి. పైగా రద్దు అంటే ఆ రోజునుంచి లేదని. “పెళ్లి చెల్లదని తేల్చారు” అని హాయిగా రాయవచ్చు. నామవాచకమే కావాలంటే న్యాయశాస్త్రంలోని ‘శూన్య వివాహం’ ఉంది.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పెళ్లి చెల్లకపోతే పిల్లల సంగతేమిటి? తల్లిదండ్రులు మంచి నమ్మకంతో పెళ్లాడారు గనుక మారీ, అలీస్ ధర్మసంతానమేనని విడిగా చెప్పాల్సి వచ్చింది. ‘విడాకులు’ అని రాసేస్తే ఆ ఏర్పాటు ఎందుకో పాఠకుడికి బోధపడదు.

రెండో జవాబు:
రక్తసంబంధం దగ్గరా జాగ్రత్త పడాలి. “దగ్గర బంధువులు” అని వదిలేస్తే మనవాళ్లు మేనరికం అనుకుంటారు. లెక్క వేసి చూడండి. ఇద్దరికీ మూలపురుషుడు ఫ్రాన్స్ రాజు రెండవ రాబర్ట్. ఆయన కొడుకు మొదటి హెన్రీ, అతని కొడుకు మొదటి ఫిలిప్, అతని కొడుకు ఆరవ లూయీ, అతని కొడుకు ఏడవ లూయీ. అంటే నాలుగో తరం. ఇటువైపు రాబర్ట్ మరో కొడుకు బర్గండీ డ్యూక్ రాబర్ట్, అతని కూతురు హిల్డెగార్డ్, ఆమె కొడుకు తొమ్మిదవ విలియం, అతని కొడుకు పదవ విలియం, అతని కూతురు ఎలియనోర్. ఐదో తరం. అప్పటి చర్చి నిషేధం ఏడో తరం వరకూ ఉండేది. 1215లో నాలుగుకు తగ్గించారు.

‘సగోత్రం’ అనడం తప్పు. గోత్రం తండ్రి వరసలోనే నడుస్తుంది, ఇక్కడ హిల్డెగార్డ్ దగ్గర వరస ఆడపిల్ల మీదుగా వచ్చింది. హిందూ ధర్మశాస్త్రంలో రక్తసంబంధాన్ని లెక్కించే ‘సాపిండ్యం’ దగ్గరి మాట, రెండు వైపులా లెక్కించేది కాబట్టి. కానీ సాపిండ్యంలో తననే మొదటి తరంగా పట్టుకుని పైకి పోతాం. చర్చి లెక్కలో మూలపురుషుణ్ణి వదిలేసి కిందికి లెక్కిస్తారు. ఇది గుర్తుంచుకోకపోతే ఒక తరం తేడా వస్తుంది.

అన్నట్టు, హెన్రీ ఆమెకు ఇంకా దగ్గర. హిల్డెగార్డ్ తల్లి ఆంజూ ఎర్మెన్‌గార్డ్‌కు ఇద్దరూ నాలుగో తరమే. లూయీతో చెల్లని పెళ్లి హెన్రీతో ఎలా చెల్లిందంటే, కొట్టేయమని ఎవరూ పట్టుబట్టలేదు, అంతే. రక్తసంబంధం అవసరమైనప్పుడు బయటికి తీసే ఆయుధమని మన రాతలో తెలియాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడిందండీ. మరి అక్విటేన్‌ను ఆమె ‘కట్నం’ అనవచ్చా?

మూడో జవాబు:
అనకూడదు. తమ్ముడు ముందే పోయాడు, తండ్రి 1137 ఏప్రిల్ 9న కన్నుమూశాడు. జులై 25న బోర్డోలో లూయీతో పెళ్లయ్యేనాటికి అక్విటేన్ ఆమెకు సొంతంగా వచ్చిన వారసత్వం. అందుకే 1152లో ఆమెతోపాటే వెళ్లిపోయింది. ‘కట్నం’ అంటే మగపెళ్లివారికి ముట్టినది, తిరిగిరానిది అనిపిస్తుంది.

పుట్టింటివారు కూతురికిచ్చే ఆస్తికి మనకు ‘అరణం’ అనే చక్కని పాతమాట ఉంది. నార్మండీ సరిహద్దులోని వెక్సాన్ ప్రాంతపు కోటలకు అది సరిగ్గా అతుకుతుంది. ఏడవ లూయీ రెండో భార్య కూతురు మార్గరెట్‌కు, ఎలియనోర్ కొడుకు చిన్న హెన్రీకి సంబంధం కుదిరినప్పుడు ఆ కోటలను అరణంగా రాసి, పెళ్లయ్యేదాకా టెంప్లర్లు అనే క్రైస్తవ యోధుల సంఘం చేతిలో పెట్టారు. 1160 నవంబరులో రెండవ హెన్రీ పోపు దూతల అనుమతి సంపాదించి, ఐదేళ్ల కొడుక్కి మూడేళ్లు కూడా నిండని ఆ పిల్లనిచ్చి పెళ్లి చేసేసి కోటలు పట్టుకున్నాడు. 1183లో చిన్న హెన్రీ చనిపోగానే మార్గరెట్ సవతి తమ్ముడు, ఫ్రాన్స్ రాజు రెండవ ఫిలిప్ వాటిని తిరిగి ఇమ్మన్నాడు. కట్నమైతే అలా అడగడం విడ్డూరంగా ఉంటుంది, అరణమైతే న్యాయమే.

భర్త పెళ్లిలోనే భార్య వైధవ్యానికని రాసిచ్చే భూమి వేరు. దానికి ‘మనోవర్తి’ నయం. ‘భరణం’ ఇప్పుడు కోర్టులు నెలనెలా ఇప్పించే సొమ్ముగా స్థిరపడింది. ఎలియనోర్ కూతురు జోన్ సిసిలీ రాజు రెండవ విలియం భార్య. 1189లో భర్త పోయాక కొత్త రాజు టాన్‌క్రెడ్ ఆమె మనోవర్తి భూములు బిగబట్టాడు. 1190లో ఆమె అన్న, ఇంగ్లండ్ రాజు రిచర్డ్ సైన్యంతో మెస్సీనాలో దిగాక, వాటికి బదులు 20,000 ఔన్సుల బంగారం చెల్లించాడు.