ఎండల్లో సవర్‌డో పిండి జావలా జారిపోతోంది, ఎక్కడ తప్పుతున్నాను?

రాజోలు కోడలు:
నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లె. సంక్రాంతికి మొదలైన సవర్‌డో పిచ్చి నాది, అంటే పులిసిన పిండితోనే పొంగించే బ్రెడ్డు. మైదా లేదు, ఈస్ట్ పొట్లం లేదు, మిల్లులో ఆడించిన గోధుమపిండితోనే బ్రెడ్డు చేయాలని పట్టు. మాఘమాసంలో రెండు బ్రెడ్డులు బాగానే పొంగాయి. మే వచ్చింది, నా పరువు పోయింది.

నా కొలతలు: గోధుమపిండి 320 గ్రాములు, చోళ్ల (రాగి) పిండి 80, నీళ్లు 320, స్టార్టర్ (ముందే పులియబెట్టి ఉంచుకున్న పిండి, నీళ్ల ముద్ద) 80, ఉప్పు 8. యూట్యూబులో చెప్పినట్టు రాత్రి పదింటికి కలిపి బయటే వదిలేశాను. అప్పటికి గోడ మీద థర్మామీటరు 33 చూపిస్తోంది. తెల్లారి ఐదింటికి మూత తీస్తే పైన బుడగలు, కింద జావ. గరిటెతో ఎత్తితే తీగ సాగకుండా తెగి పడుతోంది. అలాగే కాల్చాను. రెండు వేళ్ల ఎత్తు కూడా లేవలేదు, లోపల తడి తడిగా ఉంది. మా అత్తయ్యగారు వాసన చూసి "ఇది మా అమ్మ తరవాణి కుండ వాసనే, దీనికింత కరెంటెందుకే" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నీళ్ల తప్పా, పిండి తప్పా, నా తప్పా?

కాకినాడ ఓవెన్:
తప్పు గడియారానిదండి. ఆ వీడియోల వాళ్ల వంటగది 22, 24 డిగ్రీల్లో ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే పులియడం సుమారు రెట్టింపు వేగం అందుకుంటుంది. పైగా స్టార్టర్‌లో రెండు రకాల జీవాలున్నాయి. పొంగించే ఈస్ట్‌కి 27 దగ్గర హుషారు. పులుపు పుట్టించే బ్యాక్టీరియాకి 32, 33 ఇష్టం. మన మే నెల రాత్రి బ్యాక్టీరియాకి పండగ. పులుపు మితిమీరితే పిండిని సాగేలా పట్టి ఉంచే గోధుమ బంక (గ్లూటెన్) తెగిపోతుంది, మీరు చూసిన జావ అదే. అత్తయ్యగారి ముక్కు కరెక్టు.

రాత్రి కలపొద్దు, తెల్లవారుజామున కలపండి, ఫ్రిజ్ నీళ్లతో. స్టార్టర్‌కి ఒక వంతుకి ఐదు వంతుల పిండి, ఐదు వంతుల నీళ్లు పెట్టండి, పొంగు మీదున్నప్పుడే వాడండి. ముఖ్యంగా పిండి రెట్టింపయ్యేదాకా చూడకండి. ముడిగోధుమకి సగం పెరిగితే చాలు. ఆపైన టిన్నులో సర్ది ఫ్రిజ్‌లోకి తోసేయండి.

సోడా సుబ్బి:
చిటికెడు వంటసోడా వేసేయండి, పులుపు చచ్చి ఊరుకుంటుంది.

కాకినాడ ఓవెన్:
పులుపు చస్తుందండి, తెగిన బంక అతుక్కోదు కదా.

భీమవరం బామ్మ:
చోళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? చోళ్లలో బంక అసలుండదమ్మాయ్. పచ్చిపిండి వేస్తే బ్రెడ్డు ఇసకలా రాలుతుంది. ఆ 80 గ్రాముల పిండిని, నీ లెక్కలోని నీళ్లలోంచే కొన్ని తీసి, సంకటిలా ఉడికించి, పూర్తిగా చల్లార్చి కలుపు. తడి పట్టి ఉంచుతుంది, ముక్క మెత్తగా వస్తుంది. ఇంకోటి, మిల్లు నుంచి తెచ్చిన పిండిని వేడి మీదే డబ్బాలో మూయకు, పళ్లెంలో పరిచి ఆరనివ్వు. ఓవెన్ లేని రోజుల్లో దిబ్బరొట్టెకి మూకుడు కిందా పైనా నిప్పులు పెట్టేవాళ్లం. నీకూ అదే సూత్రం. టిన్ను మీద ఇనప మూకుడు బోర్లించి మొదటి 25 నిమిషాలు కాల్చు, ఆవిరి లోపలే ఉంటుంది.

రాజోలు కోడలు:
ఆదివారం చేశానండి! నాలుగున్నరకి కలిపాను, సంకటి వేసి, ఫ్రిజ్ నీళ్లు పోసి. అరగంటకోసారి తడి చేత్తో అంచులు లాగి మడిచాను, నాలుగోసారికి గిన్నెకి అంటుకోవడం మానేసింది. పిండి ఎంత పెరిగిందో తెలియడానికి గిన్నెకి మార్కరుతో గీత గీసుకున్నాను. ఎనిమిదింపావుకి పిండి గీత దాటి సగం పెరిగింది. మనసొప్పలేదు, ఇంకో గంట ఆగితే ఇంకా పొంగుతుందేమో అనిపించింది. ఆశ చంపుకుని ఫ్రిజ్‌లో పెట్టేశాను. సోమవారం పొద్దున్న 230 డిగ్రీల్లో మూకుడు కప్పి 25, తీసేసి 20 నిమిషాలు కాల్చాను. మధ్యలో కరెంటు పోతుందేమోనని ఒకటే టెన్షన్, పోలేదు.

నాలుగు వేళ్ల ఎత్తు! ఆరు గంటలు ఆగి కోశాను. బెల్లం ఆవకాయతో అత్తయ్యగారు రెండు ముక్కలు తిన్నారు, తరవాణి మాటెత్తలేదు.

ఇప్పుడు ఇంకో గొడవ. మా ఉక్కకి సాయంత్రానికి పైపెచ్చు మెత్తబడిపోతోంది. డబ్బాలో పెడితే చెమట, బయట పెడితే చీమలు.

భీమవరం బామ్మ:
పైపెచ్చు మీద ఆశ వదులుకో, తినేముందు పెనం మీద వేసుకో. చీమలకైతే వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద బ్రెడ్డు గుడ్డ కప్పి పెట్టు.